అమెరికా షేర్ల డివిడెండ్ మన చేతికి ఎలా వస్తుంది: ఇండియాలో ఉండేవారికి సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో ఉంటూ అమెరికా కంపెనీల షేర్లున్నవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కొందరు యాప్ ద్వారా కొన్నవాళ్లు. మరికొందరికి కంపెనీయే జీతంలో భాగంగా ఆర్‌ఎస్‌యూలు (ఉద్యోగికి ఇచ్చే షేర్లు) ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ 1998లో ఇక్కడ డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టినప్పటి నుంచి గచ్చిబౌలి వైపు ఎన్నో ఇళ్లలో ఆ షేర్లు ఉన్నాయి. అయినా డివిడెండ్ (కంపెనీ లాభంలోంచి షేర్లున్నవాళ్లకు పంచే డబ్బు) మాట ఎత్తితే ఎక్కువ మంది నుంచి వచ్చే జవాబు ఒక్కటే: "అదేదో మూడు నెలలకోసారి పడుతుందండీ, కాస్త కోసుకుని వేస్తారు."

ఆ కోసుకున్న కాస్త అమెరికా పన్ను, అసలు విషయం దాని దగ్గరే ఉంది. డివిడెండ్ మనం అడగకపోయినా దానంతట అదే వచ్చి పడుతుంది. సరైన రేటుకు కోత, ఆ కోతకు ఇక్కడ తగ్గింపు మాత్రం మనం కాగితం పెడితేనే దొరుకుతాయి. కాగితం పెట్టకపోతే ఒకే ఆదాయానికి రెండు దేశాల్లోనూ పూర్తి పన్ను కట్టినట్టే. నేనూ ఒకసారి అలా పోగొట్టుకున్నాను, ఆ సంగతి కింద చెబుతాను.

ఇక్కడ చెప్పేది ఇండియాలో నివాసి హోదా ఉన్న వ్యక్తుల గురించి. సెక్షన్లు, ఫారమ్ నంబర్లు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానివి. 2025-26 వరకు వచ్చిన ఆదాయానికి అవే వర్తిస్తాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి ఆ తర్వాతి ఆదాయానికి నంబర్లు ఒకసారి సరిచూసుకోండి.

ముందుగా డబ్బు వచ్చే దారి

కంపెనీ బోర్డు డివిడెండ్ ప్రకటిస్తుంది. ఆ డబ్బు న్యూయార్క్‌లోని డిపాజిటరీ ట్రస్ట్ కంపెనీకి (అక్కడి షేర్ల రికార్డు పెట్టుకునే సంస్థ), అక్కడి నుంచి మన బ్రోకర్‌కు, బ్రోకర్ నుంచి మన ఖాతాకు డాలర్లలో వస్తుంది. ఇండియన్ యాప్ ద్వారా కొన్నా, వెనక షేర్లు పట్టుకునేది అమెరికా బ్రోకరే. పన్ను కోసేది కూడా అక్కడే. ఇక్కడి షేర్లకు బ్యాంకు ఖాతాలో నేరుగా జమ అయినట్టు కాకుండా, డాలర్లు ఆ బ్రోకర్ ఖాతాలోనే ఆగుతాయి. మనం తెప్పించుకుంటేనే ఇక్కడికి వస్తాయి.

అన్ని కంపెనీలూ డివిడెండ్ ఇవ్వవు. అమెజాన్, బెర్క్‌షైర్ హాత్‌వే ఇవ్వడం లేదు. మెటా, ఆల్ఫబెట్ 2024లోనే మొదలుపెట్టాయి. ఎక్కువ కంపెనీలు మూడు నెలలకోసారి ఇస్తాయి. రియాల్టీ ఇన్‌కమ్ లాంటివి ప్రతి నెలా ఇస్తాయి.

మొదటి అడుగు: డబ్ల్యూ-8బెన్ సరిగ్గా నింపడం

"నేను అమెరికా వాణ్ని కాదు, ఫలానా దేశంలో పన్ను కట్టేవాణ్ని" అని మనం ఇచ్చే ప్రకటన ఇది. ఇచ్చేది బ్రోకర్‌కు, అమెరికా పన్ను శాఖకు కాదు. ఇది లేకపోతే డివిడెండ్‌లో 30 శాతం కోస్తారు. ఉంటే, భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని ఆర్టికల్ 10 ప్రకారం 25 శాతం కోస్తారు.

15 శాతమే కదా అని ఎక్కడో చదివామంటారు కొందరు. ఆ 15 శాతం, డివిడెండ్ ఇచ్చే కంపెనీలో కనీసం 10 శాతం ఓటింగ్ వాటా ఉన్న కంపెనీలకు. మనలాంటి వ్యక్తులకు 25 శాతమే. ఫారమ్‌లో 15 అని రాస్తే అది తప్పుడు ప్రకటన అవుతుంది.

యాప్‌లో ఖాతా తెరిచేటప్పుడు ఈ ఫారమ్ ముందే నింపి మన ముందు పెడతారు, మనం చూడకుండా సంతకం నొక్కేస్తాం. ఈసారి ఒక్క ఐదు నిమిషాలు ఆగి చూడండి. మొదటి గడిలో పేరు పాన్ కార్డులో ఉన్నట్టే ఉండాలి. రెండోది పౌరసత్వం. మూడోది శాశ్వత చిరునామా. ఇక్కడ పోస్టు బాక్సు నంబరు పనికిరాదు, అమెరికాలో ఉండే చుట్టాల అడ్రసు అసలే పెట్టకూడదు. ఐదో గడి అమెరికా పన్ను నంబరుది, అది లేనివాళ్లు ఖాళీగా వదిలేయవచ్చు. 6ఎ గడిలో మన పాన్ రాయాలి. తొమ్మిదో గడిలో ఇండియా అని ఉండాలి. ఒప్పందం రేటు మనకు వర్తించేది ఈ గడి వల్లే, ఇది ఖాళీగా ఉంటే మిగతావన్నీ నింపినా 30 శాతమే పడవచ్చు. పుట్టిన తేదీ, సంతకం తేదీ రాసేటప్పుడు ముందు నెల, తర్వాత రోజు రాయాలి. ఆగస్టు 5 అంటే 08-05. మన అలవాటులో 05-08 రాస్తే అది మే 8 అయిపోతుంది.

ఈ ఫారమ్‌కు గడువుంది. సంతకం చేసిన సంవత్సరం పోగా, ఆ తర్వాతి మూడో సంవత్సరం డిసెంబర్ 31 వరకే చెల్లుతుంది. 2023లో ఏ నెలలో సంతకం చేసినా 2026 డిసెంబర్ 31తో సరి.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. గడువు అయిపోతోందని బ్రోకర్ నుంచి మెయిల్ వచ్చింది. ప్రకటనల మెయిళ్ల మధ్య పడిపోయి నేను చూడలేదు. మార్చి డివిడెండ్‌లో 30 శాతం పోయింది, జూన్‌లోనూ అంతే. జూలైలో స్టేట్‌మెంట్ చూస్తుంటే లెక్క తేడాగా అనిపించి గుణించి చూసుకుంటే తెలిసింది. కొత్త ఫారమ్ ఇచ్చి, ఎక్కువ కోసింది తిరిగి వేయమని అడిగాను. అదే సంవత్సరంలో అడిగితే కొందరు బ్రోకర్లు సర్దుతారు. నా బ్రోకర్ సర్దలేదు. అమెరికాలో 1040-ఎన్‌ఆర్ (అక్కడి నివాసులు కానివాళ్లు వేసే పన్ను రిటర్న్) వేసి రీఫండ్ అడగవచ్చు, కానీ దానికి ముందు అక్కడి పన్ను నంబరు తీసుకోవాలి. కొన్ని డాలర్ల కోసం ఆ తిరుగుడు ఎవరు పడతారు?

సరే, ఆ అదనపు 5 శాతాన్నైనా ఇక్కడి పన్నులో సర్దుకుందామనుకున్నాను. దానికీ దారి లేదు. ఒప్పందం రేటు కంటే ఎక్కువ కట్టిన విదేశీ పన్నును లెక్కలోకి తీసుకోకూడదని మన ఆదాయపు పన్ను నియమాల్లోని రూల్ 128 చెబుతోంది. అంటే ఆ 5 శాతం అక్కడా రాదు, ఇక్కడా రాదు. అప్పటి నుంచి ఫోన్ క్యాలెండర్‌లో గడువు సంవత్సరం అక్టోబర్ 1కి రిమైండర్ పెట్టుకుంటున్నాను. మీరూ ఇప్పుడే పెట్టుకోండి.

రెండో అడుగు: తేదీలు తెలుసుకోవడం

డివిడెండ్‌కు నాలుగు తేదీలుంటాయి: ప్రకటించినది, ఎక్స్-డేట్, రికార్డ్ డేట్ (డివిడెండ్ ఎవరికివ్వాలో కంపెనీ జాబితా చూసే రోజు), చెల్లించేది. మనకు పనికొచ్చేవి ఎక్స్-డేట్, చెల్లింపు తేదీ. ఎక్స్-డేట్‌కు ముందే షేరు కొని ఉండాలి, ఆ రోజున కొంటే ఈసారి డివిడెండ్ పాత యజమానికే వెళుతుంది. 2024 మే 28 నుంచి అమెరికాలో లావాదేవీలు ఒక్క రోజులో సెటిల్ అవుతున్నాయి (కొన్న షేరు మన పేరుకు వస్తోంది) కాబట్టి ఎక్స్-డేట్, రికార్డ్ డేట్ మామూలుగా ఒకటే రోజు.

ఒక నిజమైన ఉదాహరణ. మైక్రోసాఫ్ట్ షేరుకు 0.83 డాలర్ల డివిడెండ్‌కు రికార్డ్ డేట్ 2025 ఫిబ్రవరి 20, చెల్లింపు మార్చి 13. కావాలంటే ఫిబ్రవరి 19 ట్రేడింగ్ ముగిసేలోపు కొనాలి. చలికాలంలో అక్కడి మార్కెట్ మన టైములో రాత్రి 8 గంటలకు మొదలై అర్ధరాత్రి దాటాక 2.30 వరకు నడుస్తుంది. కాబట్టి ఇక్కడ గడియారం 20వ తేదీ చూపిస్తున్నా, అర్ధరాత్రి ఒంటిగంటకు కొన్నవాళ్లకు కూడా అక్కడ 19వ తేదీయే, డివిడెండ్ వస్తుంది.

డివిడెండ్ కోసమని ఎక్స్-డేట్ ముందు రోజు కొనడం మాత్రం నేను మంచిదనుకోను. ఎక్స్-డేట్ ఉదయం షేరు ధర సుమారుగా డివిడెండ్ అంత తగ్గి మొదలవుతుంది. మన డబ్బే మనకు తిరిగి వస్తుంది, పైగా దాని మీద పన్ను.

మూడో అడుగు: జమ అయినప్పుడు స్టేట్‌మెంట్‌లో ఏం చూడాలి

మీ దగ్గర 40 మైక్రోసాఫ్ట్ షేర్లున్నాయనుకుందాం. మార్చి 13 డివిడెండ్‌కు స్టేట్‌మెంట్‌లో రెండు వరుసలు కనిపించాలి. ఒకటి డివిడెండ్ 33.20 డాలర్లు. రెండోది విత్‌హోల్డింగ్, అంటే ముందే కోసిన పన్ను, మైనస్ 8.30. చేతికి వచ్చేది 24.90. రెండో అంకెను మొదటి దానితో భాగిస్తే 0.25 రావాలి. 0.30 వస్తే మీ డబ్ల్యూ-8బెన్‌లో ఏదో తేడా ఉంది, వెంటనే బ్రోకర్‌ను అడగండి.

కొన్ని యాప్‌లలో నికర మొత్తమే పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. దాన్ని నమ్మి లెక్క రాసుకోవద్దు. ప్రతి డివిడెండ్‌కూ తేదీ, షేర్ల సంఖ్య, పూర్తి మొత్తం, కోసిన పన్ను, ఈ నాలుగూ ఒక ఎక్సెల్ షీట్‌లో ఎక్కించుకోండి. సంవత్సరం చివర్లో సగం టెన్షన్ ఈ ఒక్క షీట్‌తో పోతుంది.

ఆటోమేటిక్‌గా తిరిగి షేర్లు కొనే ఆప్షన్ ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోండి. డబ్బు చేతికి రాకపోయినా అది ఆదాయమే, పన్ను పడుతుంది. పైగా అలా వచ్చిన ప్రతి ముక్క షేరుకూ విడిగా కొన్న తేదీ, కొన్న ధర ఉంటాయి. మూడేళ్లలో ఒక్క కంపెనీకే పన్నెండు చిన్న చిన్న కొనుగోళ్లు పోగవుతాయి, రిటర్న్‌లో విదేశీ ఆస్తుల పట్టిక నింపేటప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. చిన్న పెట్టుబడి ఉన్నవాళ్లు దాన్ని ఆఫ్ చేసుకుని, డాలర్లు కాస్త పోగయ్యాక తామే కొనుక్కోవడం నయం.

నాలుగో అడుగు: డాలర్లు ఇక్కడికి తెప్పించుకోవడం

ఇది తప్పనిసరి కాదు. మనం ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంక్ అనుమతించే పథకం) కింద పంపిన డబ్బుపై వచ్చిన ఆదాయాన్ని అక్కడే మళ్లీ పెట్టుబడి పెట్టుకోవచ్చు. పెట్టకుండా ఊరికే ఉంచేస్తే మాత్రం 180 రోజుల్లోగా ఇండియాకు తీసుకురావాలన్నది రిజర్వ్ బ్యాంక్ నియమం.

తెప్పించుకునేటప్పుడు ఖర్చు చూసుకోండి. చాలా బ్రోకర్లు ఒక్కో వైర్‌కు (బ్యాంకు బదిలీకి) ఇంత అని ఫీజు తీసుకుంటారు. ఇక్కడి బ్యాంకు రేటులో కాస్త తేడా పెట్టుకుంటుంది, మార్పిడి మీద కనీసం 45 రూపాయల జీఎస్టీ పడుతుంది. 24.90 డాలర్ల కోసం వైర్ పెడితే ఫీజులకే చాలా భాగం పోతుంది. ఏడాదికోసారి తెప్పించుకుంటే సరిపోతుంది. డబ్బు దేనికి వచ్చిందని బ్యాంకు అడుగుతుంది, విదేశీ షేర్ల డివిడెండ్ అని చెప్పండి. షేర్లు అమ్మిన డబ్బు కూడా అదే వైర్‌లో కలిసి ఉంటే ఎంతెంతో విడగొట్టి చెప్పండి. బ్యాంకు ఇచ్చే రెమిటెన్స్ అడ్వైస్ దాచుకోండి.

డబ్బు తెప్పించుకోకపోతే పన్ను లేదనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. నివాసి హోదా ఉన్నవారికి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. డాలర్లు బ్రోకర్ ఖాతాలోనే ఉన్నా సరే.

ఐదో అడుగు: రూపాయల్లోకి మార్చడం

డబ్బు మన బ్యాంకులో పడిన రోజు రేటు ఇక్కడ పనికిరాదు, గూగుల్ చూపించే రేటూ పనికిరాదు. స్టేట్ బ్యాంక్ టీటీ కొనుగోలు రేటు (మన దగ్గర డాలర్లు కొనడానికి ఆ బ్యాంకు ప్రకటించే రేటు) వాడాలి. అదీ డివిడెండ్ చెల్లించిన నెలకు ముందు నెల ఆఖరి రోజుది. మార్చి 13 డివిడెండ్‌కు ఫిబ్రవరి 28 నాటి రేటు. కోసిన పన్నుకు కూడా అదే పద్ధతి, ముందు నెల ఆఖరి రోజే. ఆ రోజు సెలవైతే అంతకు ముందు పనిదినం రేటు తీసుకోవడం రివాజు. నెలాఖరున ఆ రోజు స్టేట్ బ్యాంక్ రేట్ల కాగితాన్ని డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే తర్వాత వెతుక్కునే పని ఉండదు.

లెక్క తేలిగ్గా ఉండటానికి రేటు 87 రూపాయలు అనుకుందాం. 33.20 డాలర్లు అంటే 2,888.40 రూపాయలు. కోసిన 8.30 డాలర్లు అంటే 722.10 రూపాయలు.

ఆరో అడుగు: ఫారమ్ 67, అసలు లాభం ఇక్కడే

విదేశంలో కట్టిన పన్నుకు ఇక్కడ తగ్గింపు, అంటే క్రెడిట్, అడిగే కాగితమే ఫారమ్ 67. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు సెస్సుతో కలిపి ఇక్కడి పన్ను 31.2 శాతం. 2,888.40 మీద ఇక్కడి పన్ను 901 రూపాయలు. అమెరికాలో ఇప్పటికే 722 కట్టాం కాబట్టి, సెక్షన్ 90 కింద దాన్ని తీసేసి 179 కడితే చాలు.

ఇప్పుడు చాలామంది చేసే తప్పు చూడండి. చేతికి వచ్చిన 24.90 డాలర్లనే ఆదాయంగా చూపిస్తారు. అది 2,166 రూపాయలు, దాని మీద 31.2 శాతం అంటే 676 రూపాయలు. క్రెడిట్ అడగరు. 179 కట్టాల్సిన చోట 676 కడతారు. పైగా ఆదాయాన్ని తక్కువ చూపించినట్టు కూడా అవుతుంది. ఎక్కువ పన్ను కట్టి కూడా తప్పు చేసినవాళ్లవుతారు, అదే నాకు బాధ.

క్రెడిట్‌కు పరిమితి ఉంది. అక్కడ కట్టినది, ఇక్కడ ఆ ఆదాయం మీద పడేది, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అంతే. 20 శాతం శ్లాబు వాళ్లకు 20.8 శాతం వరకే సర్దుతారు, మిగిలిన 4.2 శాతం పోయినట్టే. మా చిన్నాన్న రిటైరయ్యాక పిల్లల మాట విని అమెరికా షేర్లు కొన్నారు. ఆయనకు ఇక్కడ పన్నే లేదు. అందువల్ల అమెరికా కోసిన 25 శాతం పూర్తిగా ఆయన ఖర్చే. 2025-26లో కొత్త విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటుతో పన్ను సున్నా అవుతుంది కాబట్టి, ఇలాంటివాళ్లు ఎక్కువే ఉంటారు. అమ్మానాన్నల పేరు మీద డివిడెండ్ షేర్లు కొనే ముందు ఈ లెక్క వేసుకోండి.

ఫారమ్ 67ను ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ పోర్టల్‌లోనే నింపాలి. దేశం, ఆదాయం రకం, రూపాయల్లో పూర్తి ఆదాయం, అక్కడ కట్టిన పన్ను, రేటు, ఇక్కడ పడే పన్ను, అడిగే క్రెడిట్ అందులో రాయాలి. రుజువులు జతచేసి ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయవచ్చు. రిటర్న్ గడువులోగా వేసి ఉంటే ఆ అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఆర్థిక సంవత్సరం) ముగిసేవరకు ఫారమ్ 67 ఇవ్వవచ్చని 2022లో సడలించారు. అయినా రిటర్న్ కంటే ముందే ఇచ్చేయడం మేలు, రెండిట్లో అంకెలు సరిపోతున్నాయో లేదో అప్పుడే తెలిసిపోతుంది.

రుజువుగా పెట్టేది 1042-ఎస్, అంటే ఏడాదిలో వచ్చిన ఆదాయం, కోసిన పన్ను చూపించే అమెరికా ఫారమ్. అమెరికా బ్రోకర్ ఏటా మార్చి 15 లోపు ఇస్తారు. అందులో రెండో గడి పూర్తి ఆదాయం, 3బి పన్ను రేటు, 7ఎ కోసిన పన్ను.

చిక్కు ఏమిటంటే అది జనవరి నుంచి డిసెంబర్ వరకు, మన లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు. అవే 40 షేర్లకు చూద్దాం. 2024 మార్చి, జూన్, సెప్టెంబర్‌లో షేరుకు 0.75 చొప్పున, డిసెంబర్‌లో 0.83 ఇచ్చారు. కాబట్టి 2024కి 1042-ఎస్‌లో కనిపించేది 123.20 డాలర్లు. మన 2024-25కి మాత్రం 2024 మార్చిది తీసేసి 2025 మార్చిది కలపాలి, అది 126.40 డాలర్లు. 1042-ఎస్‌లో అంకె చూసి అదే రిటర్న్‌లో దించేస్తే తప్పు. జనవరి-మార్చి భాగానికి ఆ సమయానికి 1042-ఎస్ ఉండదు కాబట్టి బ్రోకర్ నెలవారీ స్టేట్‌మెంట్, మీరు సంతకం చేసిన లెక్క కాగితం జతచేయండి. రూల్ 128 దీన్ని ఒప్పుకుంటుంది.

ఏడో అడుగు: రిటర్న్

విదేశీ షేర్లుంటే ఐటీఆర్-1, ఐటీఆర్-4 వేయకూడదు. ఐటీఆర్-2, వ్యాపార ఆదాయం ఉంటే ఐటీఆర్-3. ముందే నింపి ఇచ్చే రిటర్న్‌లో ఈ డివిడెండ్ సాధారణంగా కనిపించదు, మనమే రాయాలి.

ఇతర ఆదాయాల షెడ్యూల్‌లో డివిడెండ్‌ను అడ్వాన్స్ టాక్స్ తేదీల ప్రకారం విడగొట్టి అడుగుతారు: జూన్ 15 వరకు, సెప్టెంబర్ 15 వరకు, ఇలా. తర్వాత ఎఫ్‌ఎస్‌ఐ (విదేశీ ఆదాయం) షెడ్యూల్‌లో దేశం, ఆదాయం, అక్కడి పన్ను, ఆర్టికల్ 10. అక్కడి పన్ను నంబరు లేనివాళ్లు పాస్‌పోర్ట్ నంబరు ఇవ్వాలి. టీఆర్ (పన్ను తగ్గింపు) షెడ్యూల్‌లో మొత్తం క్రెడిట్.

చివరిది ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల) షెడ్యూల్. ఇది ఆదాయం గురించి కాదు, ఆస్తి గురించి. మళ్లీ ఇక్కడ లెక్క క్యాలెండర్ సంవత్సరానిది. 2025-26 రిటర్న్‌లో 2025 జనవరి నుంచి డిసెంబర్ వరకు ఉన్న షేర్లు చూపాలి. కొన్న విలువ, ఏడాదిలో గరిష్ఠ విలువ, డిసెంబర్ 31 విలువ, వచ్చిన డివిడెండ్ అన్నీ ఏ3 పట్టికలో రాయాలి. ఒక్క షేరున్నా, డివిడెండ్ రాకపోయినా రాయాల్సిందే. రాయకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు. 2024 అక్టోబర్ 1 నుంచి, స్థిరాస్తి కాకుండా మొత్తం విదేశీ ఆస్తులు 20 లక్షలు దాటకపోతే ఆ జరిమానా లేదు. జరిమానా లేదు కదా అని వదిలేయకండి, రాయాల్సిన బాధ్యత అలాగే ఉంది. అమెరికాతో 2015లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఖాతాల సమాచారం మన శాఖకు వస్తూనే ఉంటుంది.

మిగతా దేశాలు, తిరిగొచ్చినవాళ్లు

బ్రిటన్, సింగపూర్, హాంకాంగ్ మామూలు కంపెనీల డివిడెండ్‌లో అక్కడ ఏమీ కోయరు. పన్నంతా ఇక్కడే. జర్మనీ 26.375 శాతం, స్విట్జర్లాండ్ 35 శాతం ముందు కోసేస్తాయి. ఒప్పందం రేటు 10 శాతమే కాబట్టి మిగతాది అక్కడి పన్ను శాఖను అడిగి తెచ్చుకోవాలి.

అమెరికా నుంచి తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లకు ఒక మాట. అక్కడ ఉన్నప్పుడు బ్రోకర్‌కు డబ్ల్యూ-9 (అమెరికా పన్ను నివాసులు ఇచ్చే ఫారమ్) ఇచ్చి ఉంటారు. అక్కడి పన్ను నివాసి హోదా పోయాక డబ్ల్యూ-8బెన్ ఇవ్వాలి, కొత్త చిరునామా కూడా. గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకు మాత్రం డబ్ల్యూ-9 అలాగే ఉంటుంది. తిరిగొచ్చిన మొదటి రెండు మూడేళ్లు ఆర్‌ఎన్‌ఓఆర్ (నివాసే అయినా సాధారణ నివాసి కాని) హోదా దొరికితే అక్కడి ఖాతాలోనే జమ అయిన డివిడెండ్‌కు ఇక్కడ పన్ను ఉండదు, ఎఫ్‌ఏ షెడ్యూల్ కూడా అక్కర్లేదు. ఆ హోదా ఏ ఏడాది వరకో వచ్చిన మొదటి నెలలోనే పాస్‌పోర్ట్ ముద్రలు చూసుకుని రోజులు లెక్కపెట్టి రాసి పెట్టుకోండి. నాలుగేళ్ల తర్వాత ఆ తేదీలు గుర్తు తెచ్చుకోవడం చాలా కష్టం.